చర్మపరిశ్రమయు ప్లాస్మావిద్యయు

పశువు బ్రదికియున్నంతకాలము దాని విలువను పాడిచేతను పనిచేతను గణించుచుందుము. అది చచ్చినపిదప మిగులు తోలువిలువ యెంతయని విచారించు గృహస్థులు మనలో మిక్కిలి యరుదు. ఊరిబయటకు ఈడ్పించి, ఒకరి కప్పగించి, ఆ సంగతి మఱచిపోవుట మన కలవాటు. కాని ఆ తోలే లందలో మునిగి, తంగేడుచెక్కతో పదునెక్కి, ఓడలెక్కి సముద్రములు దాటి, మెఱుగుపెట్టబడి, జోళ్లుగను పెట్టెలుగను మన యంగళ్లకు తిరిగి వచ్చునప్పుడు మనము చెల్లించు వెల మొదటి వెలకు ఎన్నో రెట్లు. పచ్చితోలుకు బరువునుబట్టి ధర. పదునైన తోలుకు ముఖమునుబట్టి ధర. ఈ రెండు ధరలకు నడుమనున్న వ్యత్యాసమే చర్మపరిశ్రమలోని లాభములో ముఖ్యభాగము. ఆ వ్యత్యాసమును కల్పించు విద్య యెవరిచేతిలో నున్నదో లాభమును వారిచేతిలోనే యుండును.

తోలుముఖమును మార్చు విద్యలలో ప్లాస్మావిధాన మొకటి. నీటిలో నానవేయకుండ, కుంచె తగులకుండ, ద్రావకములు పూయకుండ, విద్యుచ్ఛక్తిచే వెలుగు వాయువులో తోలును కొన్ని నిమిషములుంచి దాని స్వభావమును మార్చుట ఇందలి విశేషము. రష్యాదేశమున ఓల్గానదీతీరమునందలి కజాన్ నగరమున దీనిపై చిరకాలముగ పరిశోధనలు జరుగుచున్నవి. ఈ విద్య యెట్టిది, ఇది యేమి చేయగలదు, ఏమి చేయజాలదు, దీనితో మనకు గల పనియేమి అను నాలుగు ప్రశ్నలను విచారించుట ఈ వ్యాసమున కుద్దేశము.

తోలు స్వభావము

చర్మమున ప్రధానపదార్థము కొల్లాజెన్ అను మాంసకృత్తు. ఇది సన్నని పోగులై, పోగులు కట్టలై, కట్టలు ఒకదానితో నొకటి పెనవేసికొని, నేతగాని మగ్గమున కందని నేతగా నేర్పడియున్నది. వెండ్రుకలున్న వైపు నేత మిక్కిలి సన్నము, దట్టము, దానినే ముఖమందురు. కండవైపు నేత మోటుగా నుండును. నడుమ లెక్కకు మిక్కిలి సూక్ష్మరంధ్రములు గలవు. ఈ రంధ్రములవలననే తోలుజోడు తొడిగిన పాదము చెమ్మను బయటికి విడువగలుగుచున్నది. కృత్రిమవస్తువులతో చేసిన జోళ్లలో ఈ గుణమును సమముగ సాధించుట నేటికిని కష్టముగనే యున్నది.

పచ్చితోలు తడిసియున్న కుళ్లును. ఎండిన పలకవలె బిగియును. ఇంచుమించు 60, 65 డిగ్రీల వేడినీటిలో ముడుచుకొనును. ఇంకను కాచిన వజ్రముగ కరగును. పోగుల నడుమ వేఱొక పదార్థమును నాటి, వానిని విడరానట్లు బంధించి, కుళ్లకుండను బిగియకుండను చేయుటయే పదునుచేయుట. మన పెద్దలు సున్నపుతొట్టిలో నానవేసి వెండ్రుకను తీసి, తంగేడుచెక్క, తుమ్మచెక్క, కరక్కాయల కషాయములలో వారములతరబడి యుంచి తోలును పదునుచేసిరి. తోలును సంచివలె కుట్టి, లోపల చెక్కరసము నింపి, దూలమునకు వ్రేలాడగట్టి, ఆ రసము మెల్లమెల్లగ పోగులగుండ నూరి బయటికి కారునట్లు చేయుట పల్లెలలోని పద్ధతి. మోటబొక్కెనలు, కొలిమితిత్తులు, జోళ్లు, డప్పులు మొదలైన వ్యవసాయ సాధనములును వాద్యములును ఆ చేతులనుండి వెలువడినవే. తోలుబొమ్మలవారు మేకతోలును వెలుతురు పాఱునంత పలుచగ గీకి, దానిపై రంగులు నిలుపుట మఱియొక నేర్పు. రంగు తోలుపై నిలుచుట యెంత సూక్ష్మమైన పనియో అనంతపురము సీమలోని నిమ్మలకుంట కళాకారుల నడిగిన తెలియును.

ఐరోపాఖండమున 1858వ సంవత్సరమున జర్మనుశాస్త్రజ్ఞుడు ఫ్రీడ్రిక్ క్నాప్ క్రోమియము లవణములతో తోలును పదునుచేయవచ్చునని చూపెను. 1884లో అగస్టస్ షుల్ట్‌జ్, 1893లో మార్టిన్ డెన్నిస్ అమెరికాలో దానిని వ్యాపారమునకు తగినదిగా తీర్చిరి. వారములు పట్టు పని గంటలలో ముగిసెను. మఱుగునీటి వేడికిని ముడుచుకొనని తోలు లభించెను. ఇరువదవ శతాబ్ది ప్రారంభమున ఆల్ఫ్రెడ్ చాటర్టన్ చెన్నపట్టణమున ఈ విద్యను ప్రవేశపెట్టెను. అప్పటికి మన చెన్నరాజధానిలో తంగేడుచెక్కతో సగము పదునైన తోళ్లు "ఈస్టిండియా కిప్పు" లను పేర లండను బజారులో విరివిగ అమ్ముడుపోవుచుండెను. తంగేడు మనది, కూలి మనది, కంపు మనది. మెఱుగును లాభమును సీమవారివి. మహాత్ముడు 1934లో హరిజన పత్రికయందు పల్లెటూరి చర్మపరిశ్రమను గూర్చి వ్రాయుచు ఈ వైపరీత్యమునే ఎత్తిచూపెను. స్వాతంత్ర్యానంతరము 1972లో సీతారామయ్య సంఘము విచారణ జరిపినపిమ్మటనే పచ్చితోళ్లను, సగము పదునైన తోళ్లను ఎగుమతి చేయుటకు నిర్బంధము లేర్పడి, పూర్తిగ తయారైన తోలును, జోళ్లును పంపుటకు మన దేశము మొగ్గెను.

ముఖముకడనే చిక్కు

పదునైన తోలుపై ఇంకను ఎంతయో పని మిగిలియుండును. మెత్తదనమునకై దానికి నూనె పట్టింతురు. ఆ నూనె నీటిని, బంకను, రంగును విముఖము చేయును. రంగు లోనికి ఇంకవలెనన్న తోలు నీటికి దాహము గొని యుండవలెను. వానకు తడవకుండ వలెనన్న నీటిని త్రోసివేయవలెను. అట్టకు పైతోలు అంటుకొనవలెనన్న బంకను గాఢముగ పట్టవలెను. దుమ్ము అంటకుండ వలెనన్న దేనిని పట్టకుండవలెను. ఒకే వస్తువునుండి పరస్పరవిరుద్ధములైన గుణములను కోరుచున్నాము.

ఈ కోరికలను తీర్చుటకు పరిశ్రమవారు ఇంతవఱకు అవలంబించిన ఉపాయములు మోటువి. ఉప్పుకాగితముతో ముఖమును గీకుదురు. అందువలన తోలు సహజసౌందర్యము చెడును. ఘాటైన ద్రావకములతో తుడుతురు; ఆ యావిరిని పీల్చువాడు కూలివాడు. దళసరియైన లక్కవంటి పూతలు పూయుదురు. రంధ్రములు మూసికొనిపోయి, తోలుజోడు రబ్బరుజోడుతో సమానమగును. నీరంటకుండుటకు ఫ్లోరిను కూడిన మందులు చల్లుదురు. ఇవి మట్టిలోను నీటిలోను ఏండ్లతరబడి నశింపక నిలుచునవి. అందుచే ఐరోపా సమితివారు ఈ జాతి మందులలో ఒక వర్గమును 2024లో నిర్బంధించిరి. ఆ నిర్బంధము తోలువస్తువులకును వర్తించును. తోలులో విషతుల్యమైన ఆఱవ యోగ్యతగల క్రోమియము కిలోకు 3 మిల్లీగ్రాములు మించరాదను నిబంధన అక్కడ 2015 మే మొదలు అమలులో నున్నది. మన జోళ్లకు ముఖ్యమైన కొనుబడిదారులు ఆ దేశములవారే గావున, వారి శాసనములు మన యూళ్లలోని కార్ఖానాలను కదలించుచున్నవి. ముఖమును చెఱుపకుండ, రంధ్రములను మూయకుండ, విషములు వాడకుండ తోలుగుణమును మార్చు మార్గ మున్నదా యనునదే ప్రశ్న. ఇచ్చటనే ప్లాస్మా ప్రసక్తి.

ప్లాస్మా యననేమి

మంచుగడ్డను కాచిన నీరగును. నీటిని కాచిన ఆవిరియగును. ఆవిరికి ఇంకను శక్తి నిచ్చిన పరమాణువులు చెదరి, వానిలోని ఎలక్ట్రానులు విడివడి తిరుగాడజొచ్చును. ఇట్లు విద్యుత్కణములతో నిండిన వాయువే ప్లాస్మా. 1879లో విలియం క్రుక్స్ దీనిని పదార్థముయొక్క నాల్గవ యవస్థగా భావించెను; 1928లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఇర్వింగ్ లాంగ్మ్యూర్ దీనికి ప్లాస్మా యని పేరిడెను. మెఱుపు ప్లాస్మా, సూర్యుడు ప్లాస్మా, మన వీథులలో వెలిగిన నియాను దీపములును ఇండ్లలోని గొట్టపుదీపములును ప్లాస్మాయే.

మెఱుపువంటి దానిలో నుంచిన తోలు మాడిపోదా యని సందేహము కలుగవచ్చును. గొట్టపుదీపమును చేతితో తాకిన ఈ సందేహము తీఱును. దానిలోని ఎలక్ట్రానుల వేడి పదివేల డిగ్రీలకు మించియుండగా, గాజుగొట్టము గోరువెచ్చగ మాత్రమే యుండును. కారణమేమన, పలుచని వాయువులో ఎలక్ట్రానులు మిక్కిలి తేలికైనవి. అవి విద్యుత్క్షేత్రమునుండి వేగమును పొందినను బరువైన పరమాణువులను ఢీకొని తమ శక్తిని వానికి పంచిపెట్టలేవు. చీమ ఏనుగును డీకొన్న నేమగును? కావున వాయువు చల్లగనే యుండి, రసాయనకార్యములకు వలసిన శక్తి మాత్రము సిద్ధముగ నుండును. దీనినే చల్లని ప్లాస్మా యందురు. వేడికి ముడుచుకొను తోలువంటి వస్తువులకు పనికివచ్చునది యిదియే.

కజాన్ నగర పరిశోధనలు

తోలుకును కజాన్ ప్రాంతమునకును గల సంబంధము నేటిది గాదు. ఓల్గాతీరమున మధ్యయుగములలో వర్ధిల్లిన బుల్గారులు చేసిన ఎఱ్ఱని తోలు ఆసియాఖండమంతట ప్రసిద్ధి గాంచెను. హిందూస్థానీభాషలో ఆ జాతి తోలుకు "బుల్గార్" అను పేరే స్థిరపడినదన్న, ఆ వర్తకము మన దేశమువఱకు వ్యాపించెనని తెలియుచున్నది. ఆ బుల్గారుల రాజధానీస్థలము కజానుకు దాపుననే కలదు. పూర్వము తోలుకు పేరొందిన సీమయే నేడు దానిపై నూతనశాస్త్రమును ప్రయోగించుట గమనింపదగినది.

కజాన్ జాతీయ పరిశోధనా సాంకేతిక విశ్వవిద్యాలయమున అనుసరించు పద్ధతి యిట్టిది. ఒక లోహపు గదిలో తోలునుంచి, గాలిని తోడివేసి, లోపలి పీడనమును వాయుమండల పీడనములో వేయవ వంతు మొదలు పదివేలవ వంతు వఱకు తగ్గింతురు. పిమ్మట ఆర్గాన్ వంటి వాయువును కొద్దికొద్దిగ విడిచి, సెకనునకు ఒక కోటి 35 లక్షల 60 వేల మారులు దిశ మార్చు విద్యుత్తును ప్రయోగింతురు. వాయువు వెలుగును. కొలది నిమిషములలో పని ముగియును.

ఆ వెలుగులో జరుగునదేమి? ఎలక్ట్రానులు అయానులకంటె వేగముగ పరుగిడి ముందుగ తోలును చేరుటచే తోలుముఖము ఋణవిద్యుత్తును పొందును. అది ధనవిద్యుత్తు గల అయానులను తనవైపునకు లాగును. పదులకొలది ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో అవి తోలుపై బడును. తోలులోని రసాయనబంధములను త్రెంచుటకు కొలది ఎలక్ట్రాన్ వోల్టులే చాలును గావున, పైపొరలోని బంధములు తెగి, నూతనబంధములకు చోటేర్పడును. ఈ నూతనబంధము లెట్టివి యనునది గదిలోని వాయువునుబట్టి యుండును.

ఆర్గానుతోగాని గాలితోగాని పనిచేసిన, ఆమ్లజని కూడిన గుణసమూహములు ముఖముపై నిలిచి తోలు నీటిని త్వరగ పీల్చుకొనును. రంగును బంకను చక్కగ పట్టును. ఆర్గానుతో ప్రొపేను, బ్యూటేను వాయువులను కలిపిన ఫలము తలక్రిందగును: ఉదజని, కర్బనములతో కూడిన మిక్కిలి పలుచని పొర యేర్పడి, నీటిబొట్టు తామరాకుపైవలె నిలిచి జాఱిపోవును. ప్రొపేను, బ్యూటేనులన నేవో దుర్లభవస్తువులు గావు. మన వంటయిండ్లలో మండు గ్యాసు ఈ రెంటి మిశ్రమమే. ఒకే గదిలో, ఒకే యంత్రముతో, వాయువును మార్చినంతమాత్రమున విరుద్ధములైన రెండు గుణములను సాధించుట యిందలి గొప్పదనము. పైపొర మిక్కిలి పలుచనిదగుటచే తోలు రంధ్రములు మూసికొనవు. ముఖముపై గల సహజమైన నేతయు చెక్కుచెదరదు. అల్పపీడనమున ఈ ప్రభావము పైపొరతో నాగక రంధ్రములగుండ లోపలి పోగులకును ప్రాకునని కజాన్ శాస్త్రజ్ఞుల సిద్ధాంతము.

ఇతరదేశములలో గాలిని తోడివేయ నక్కఱలేకుండ, సాధారణ పీడనముననే, గాజువంటి విద్యున్నిరోధకపు పలకల నడుమ చల్లని ప్లాస్మాను పుట్టించు యంత్రములుకూడ వచ్చినవి. వస్త్రపరిశ్రమలోను, జోళ్ల రబ్బరు అట్టలకు బంక పట్టునట్లు చేయుటలోను ఈ విద్య ప్రవేశించినది.

ఇది చేయజాలనివి

నూతనవిద్య ఏది వచ్చినను దానిని సర్వరోగనివారిణిగా కీర్తించు వర్తకులు బయలుదేఱుదురు. కావున దీని పరిమితులను స్పష్టముగ చెప్పుట పత్రికలకు విధి.

మొదటిది: ప్లాస్మా తోలును పదునుచేయదు. సున్నము, ఉప్పు, క్రోమియము, తంగేడు అక్కఱలేకుండ పచ్చితోలును ఈ గదిలో పెట్టి మంచితోలుగా తీయవచ్చునని యెవరైన చెప్పిన నమ్మరాదు. రెండవది: పదునైన తోలులోను నూటికి 12 మొదలు 14 పాళ్ల వఱకు తేమ యుండును, నూనెయు గలదు. గాలిని తోడివేయుచున్నప్పుడు ఇవి ఆవిరియై పంపుల కడ్డుపడును. కావున పెద్దగదులు, బలమైన పంపులు, హెచ్చుపెట్టుబడి కావలెను. మూడవది: నీటిని పీల్చు గుణము శాశ్వతము కాదు. దినములు గడచినకొలది పైపొరలోని గుణసమూహములు లోనికి తిరిగిపోవును. గాలిలోని మలినము పైన చేరును. కావున ప్లాస్మాలోనుండి తీసిన తోలుకు వెంటనే బంకగాని రంగుగాని పట్టింపవలెను. నాల్గవది: సాధారణ పీడనముననడచు యంత్రములనుండి ఓజోను వాయువు పుట్టును; దానిని తగినట్లు బయటికి పంపి శుద్ధి చేయనిచో ద్రావకపు టావిరికి మాఱుగ కూలివాడు ఓజోనును పీల్చవలసివచ్చును. ఐదవది: పశువు పశువునకు తోలు వేఱు; ఒకే తోలులో వెన్ను వేఱు, పొట్ట వేఱు. కాగితముపై, వస్త్రముపై వచ్చునంత సమఫలము తోలుపై రాదు. యంత్రమెంత గొప్పదైనను తోలు నెఱిగిన చేయి దానిప్రక్కన నుండక తప్పదు.

పాలారు నేర్పిన పాఠము

ఈ పరిమితులను గమనింపనిచో కలుగు అపాయము కేవలము ధననష్టము కాదు. పాలారునది కర్ణాటకమున బుట్టి, మన చిత్తూరుసీమలోని కుప్పము ప్రాంతమును తాకుచు తమిళనాట ప్రవేశించును. దాని పరిసరములయందు వాణియంబాడి, ఆంబూరు, రాణీపేటలలో వెలసిన తోళ్లకార్ఖానాలు దేశమునకు విదేశద్రవ్యమును తెచ్చిపెట్టినవి. ఆ కార్ఖానాల మురికినీరే బావులను, పొలములను చెఱచినది. సంప్రదాయపద్ధతిలో ఒక టన్ను పచ్చితోలును పదునుచేయుటకు 30 మొదలు 40 వేల లీటర్ల వఱకు మురికినీరు వెలువడును. తుదకు చేతికందు తోలు 200 మొదలు 250 కిలోలే. తొట్టిలో వేసిన క్రోమియములో సుమారు మూడవవంతు తోలును పట్టక నీటిలోనే మిగిలిపోవుచుండెను. భారత సర్వోన్నత న్యాయస్థానము 1996 ఆగష్టు 28న వెల్లూరు పౌరుల వ్యాజ్యమున తీర్పు చెప్పుచు, మలినము చేసినవాడే దాని మూల్యము చెల్లింపవలెనను సూత్రమును మన దేశపు ధర్మశాసనములో భాగముగ ప్రకటించెను. ఆ తీర్పునకు మూలము ఎండిన కొబ్బరితోటలును, త్రాగరాని నూతినీరును.

ఈ మురికిలో హెచ్చుభాగము సున్నపుతొట్టి, ఉప్పునీరు, పదునుతొట్టి వీనినుండి వచ్చునదే గాని, ముఖమునకు మెఱుగుపెట్టు దశనుండి వచ్చునది గాదు. ప్లాస్మా పనికివచ్చునది ముఖ్యముగ ఈ కడపటి దశలో. కావున ఒక కార్ఖానా ప్లాస్మాయంత్రమును తెచ్చుకొని, "మాది నిర్మలమైన తోలు" అని ముద్ర వేసికొని, వెనుకదారిని పాత మురికిని కాలువలోనికి వదలినయెడల అది మోసమే యగును. ద్రావకములు, ఫ్లోరినుమందులు తగ్గుట నిజమైన మేలు; దానిని మేలుగనే చెప్పవలెను, దానికి మించి చెప్పరాదు. మురికినీటి శుద్ధికి చేయవలసిన వ్యయమును ఈ నూతనయంత్రముపేర తప్పించుకొననీయరాదు.

మనకు గల సాధనసంపత్తి

ఇది పరదేశపు విద్య, మనకు అందదు అని నిరాశపడ నక్కఱలేదు. ప్లాస్మాశాస్త్రపు పునాదిరాళ్లలో ఒకటి భారతీయుడు వేసినది. వేడికి వాయువు ఎంతవఱకు అయానులుగ విడిపోవునో లెక్కించు సమీకరణమును 1920లో ప్రకటించిన మేఘనాథ సాహా తూర్పువంగమున ఢాకాప్రాంతపు పల్లెటూరిలో ఒక సామాన్య దుకాణదారుని కుమారుడు. నక్షత్రముల వేడిని లోకమునకు తెలిపిన ఆ మహనీయుడు తన జ్ఞానమును ఆకాశమునకే పరిమితము చేయక, నదుల వరదలనుగూర్చియు, దేశపు పరిశ్రమలనుగూర్చియు ఆలోచించి, 1938లో నేర్పడిన జాతీయ ప్రణాళికాసంఘమున పాల్గొనెను. గుజరాతమున గాంధీనగరము చెంత 1986 మొదలు ప్లాస్మా పరిశోధనాసంస్థ స్వతంత్రముగ పనిచేయుచున్నది. పరిశ్రమలకు ఈ విద్యను అందించుటకై 1997లో ఆ సంస్థ ప్రత్యేకశాఖను తెఱచినది. అంగోరా కుందేళ్ల ఉన్ని మిక్కిలి నునుపగుటచే వడకుటకు జాఱిపోవును. దానిని ప్లాస్మాలో నుంచి పోగుకు పట్టు కల్పించు పద్ధతిని ఆ సంస్థవారు రూపొందించిరి. ఉన్నికి సాధ్యమైనది తోలుకు అసాధ్యము కాదు, రెండును మాంసకృత్తులే.

చర్మశాస్త్రమున మన కంటె ధన్యులు లేరనవచ్చును. చెన్నపట్టణమున 1948లో స్థాపితమైన కేంద్ర చర్మపరిశోధనాసంస్థను లోకప్రఖ్యాతి గాంచునట్లు తీర్చిన డాక్టరు యలవర్తి నాయుడమ్మగారు గుంటూరుసీమలోని యలవఱ్ఱులో రైతుకుటుంబమున 1922లో జన్మించిరి. కులాచారము నీచమని నెట్టివేసిన తోలుపనిని శాస్త్రముగ నెంచి, జీవితమంతయు దానికే ధారవోసి, పిమ్మట దేశపు శాస్త్రపరిశోధనామండలి కధ్యక్షత వహించిరి. 1985 జూన్ 23న కనిష్క విమానమున దుర్మరణము పాలగుట మన దౌర్భాగ్యము. శాస్త్రజ్ఞుడు ప్రయోగశాల విడిచి లంద యొద్దకు పోవలెననునది ఆయన జీవితము చాటిన సిద్ధాంతము. ఒకవైపు గాంధీనగరము, మఱియొకవైపు చెన్నపట్టణము. ఈ రెండు సంస్థల విద్యలను ఒక్కచోట కలిపిన మనకు లోపమేమి?

కర్తవ్యము

చేయవలసిన పనులు నాలుగు గలవు. మొదటిది ప్రభుత్వముల పని. ఒక్కొక్క చిన్న కార్ఖానాదారుడు ఈ యంత్రమును కొనజాలడు. పదిమంది కలిసి మురికినీటి శుద్ధిశాలలను నడుపుకొనుచున్నట్లే, జోళ్లకార్ఖానాలున్న పట్టణములలో ఉమ్మడి ప్లాస్మాశాలల నేర్పఱచి, తెచ్చిన తోలుకు కూలి తీసికొని పనిచేసి యీయవలెను. లేనిచో యంత్రము కొనగలిగిన ధనవంతుడే మిగిలి, చిన్నవారు నశింతురు.

రెండవది శాస్త్రజ్ఞుల పని. పరదేశములవారు తమకు వలసిన తోలుపై ప్రయోగములు చేయుదురు. అది వారికి సహజము. మన తంగేడుతోలుపై, మన మేకతోలుపై ప్రయోగములు మనము గాక వేఱెవరు చేయుదురు? తంగేడుతోలునకు గల పెద్దలోపము నీటిలో నానిన చెక్కరసము దిగి గట్టిపడుట. వంటగ్యాసు జాతి వాయువులతో దాని ముఖమును నీరంటనట్లు చేయగలిగిన, క్రోమియము లేని మన పాతతోలుకు నూతనజీవము వచ్చును. ఇది సాధ్యమా యసాధ్యమా యను సంగతి ప్రయోగమే చెప్పవలెను. సాధ్యమైనచో లాభపడువాడు పల్లెటూరి వృత్తికారుడు.

మూడవది సంఘము పని. తరతరములుగ లందయొద్ద నిలిచి, ఆరె, రంపె పట్టి, మన పొలములకు మోటలను, మన కాళ్లకు జోళ్లను ఇచ్చినవారు మాదిగవారు. వారి వృత్తి ఆదాయమును కార్ఖానాలు తీసికొనినవి; వృత్తితో వచ్చిన నింద మాత్రము వారికే మిగిలినది. 2016 జూలైలో గుజరాతమునందలి ఊనా పట్టణమున చచ్చిన యావు తోలు తీసిన నేరమునకు దళితయువకులను వీథిలో కొట్టిన సంగతి లోకమెఱుగును. జోళ్లు తొడిగికొని తిరుగుచు, తోలు తీసినవానిని కొట్టు దేశమున చర్మపరిశ్రమ యెట్లు వర్ధిల్లును? నూతనయంత్రముల శిక్షణాలయములలో వారి బిడ్డలకు మొదటి స్థానము దక్కవలెను. కూలివారుగ గాదు, యంత్రజ్ఞులుగను యజమానులుగను.

నాల్గవది రైతుగృహస్థుల పని. ఏ ప్లాస్మాయు కప్పిపుచ్చజాలని లోపములు తోలునకు మన దొడ్లలోనే కలుగుచున్నవి. జబ్బునకు మందని యెద్దుకు పెట్టిన వాత జీవితాంతము దాని తోలుపై నిలుచును. ముల్లుకఱ్ఱ పోటు, గోమార్ల కాటు, ముండ్లతీగ గీత ఇవియన్నియు పదునైన తోలుముఖముపై తేటగ బయటపడును. చచ్చిన పశువును దినమంతయు ఎండలో విడిచిన తోలు కుళ్లుపట్టును. వాతలు మాని పశువైద్యుని పిలుచుట, గోమార్లను తొలగించుట, పశువు చచ్చినవెంటనే వృత్తికారునికి కబురంపి ఉప్పు వేయించుట, అతనికి తగిన కూలి యిచ్చుట ఇవి వ్యయము లేని పనులు. వీనివలన పెరుగు వెల యే యంత్రమువలనను రాదు.

ఓల్గాతీరపు గదిలో వెలుగు ప్లాస్మా మన దొడ్డిలోని వాతమచ్చను మాన్పలేదు. పాలారు మురికిని కడుగలేదు. సంఘపు మురికిని అసలే కడుగలేదు. ఆ మూడింటిని మనమే కడిగికొనినయెడల, ముఖమునకు మెఱుగు పెట్టు నాలుగవపని దానిది. పచ్చితోలును పంపి మెఱుగుతోలును కొనిన దినములు గడచినవి. పచ్చిజ్ఞానమును పంపి పండిన విద్యను కొను దినములు రాకుండ చూచుకొనుట నేటి తరమువారి భారము.